పట్టుచీరకు గాలి కావాలి

నికాహ్ నాడు కట్టిన చీరను జీవితాంతం దాచుకోవడం మన ఇళ్ళలో ఎంతో కాలంగా వస్తున్న అలవాటు. అది వరుని ఇంటి నుండి బరీలో వచ్చిన బనారసు చీర కావచ్చు, అమ్మాయి తండ్రి ధర్మవరం వెళ్ళి తెచ్చినది కావచ్చు, గద్వాల చీర కావచ్చు. దానిని ఒకటి రెండు శుభకార్యాలలో కట్టి, ఆ పిమ్మట అంగడి వారిచ్చిన ప్లాస్టిక్ కవరులోనే పెట్టి, నాలుగు కలరా ఉండలు వేసి, ట్రంకుపెట్టె అడుగున భద్రపరచి తాళం వేస్తారు. ఇరవై ఏళ్ళు గడిచాక కూతురి పెళ్ళి నాడు పెట్టె తెరిచి మడత విప్పబోతే, చీర చేతిలోనే చీలిపోతుంది. ఆ చీలిక ఎక్కడ వచ్చిందో గమనించండి. కట్టినప్పుడు నేలకు రాసుకున్న అంచు దగ్గర చాలాసార్లు ఏమీ కాదు. మడత పడిన గీత వెంబడే, కత్తితో కోసినట్లు చీర విడిపోతుంది. అంటే దానిని చెడగొట్టింది వాడకం కాదు, కదలిక లేకుండా పడి ఉండటం.

మదర్సాలో తహారత్ పాఠం చెప్పేటప్పుడు, బట్టకు అంటిన మరకను గురించిన ప్రశ్న రాగానే అమ్మాయిల చర్చ తప్పకుండా తల్లుల పట్టుచీరల మీదికి మళ్ళుతుంది. ఎన్నో ఇళ్ళలో ఈ ఫిర్యాదు ఒకే తీరుగా ఉంది. అందరూ ఎంతో జాగ్రత్తగా దాచినవారే! కనుక ఆ జాగ్రత్తను గురించే ఇక్కడ మాట్లాడుకుందాం.

పట్టు అనేది మాంసకృత్తు. మన వెంట్రుక, గోరు కూడా ఆ కోవకు చెందినవే. పట్టుపురుగు తన చుట్టూ అల్లుకున్న ఒక్క గూటి నుండి వందల మీటర్ల పోగు వస్తుంది. కొన్నింటిలో అది వెయ్యి మీటర్లు కూడా దాటుతుంది. ఆ పోగుకు సహజంగా ఒక జిగురు పూత ఉంటుంది. వేడి సబ్బునీటిలో ఉడికించి ఆ జిగురును తొలగించిన తరువాతనే పట్టుకు మెత్తదనమూ మెరుపూ వస్తాయి. అదే సమయంలో దానికి ప్రకృతి ఇచ్చిన కవచం కూడా పోతుంది. అందువల్లనే పట్టు చాకలి సోడాను సహించదు, ఎండకు పసుపుబారి బలం కోల్పోతుంది. తెల్ల బట్టలకు వాడే బ్లీచింగు ద్రావణంలో వేస్తే ఏకంగా కరిగిపోతుంది. నూలు బట్టకు చేసే సేవలన్నీ పట్టుకు చేయబోవడమే మొదటి పొరపాటు.

ఇక జరీ సంగతి. అసలు జరీ అంటే సన్నని వెండి తీగను రేకుగా సాగగొట్టి, పట్టు దారానికి చుట్టి, పైన బంగారు పూత పూసినది. సూరత్ నగరం ఈ పనికి పేరుపొందింది. రాగి తీగకు వెండి పూత పూసినవి, ప్లాస్టిక్ పొరతో చేసినవి కూడా ఇప్పుడు విరివిగా వస్తున్నాయి. అసలు జరీ చీర మడత దగ్గర ఏమి జరుగుతుందో ఊహించండి. దారం మెత్తనిది, వంగుతుంది. లోహపు రేకు ఏళ్ళ తరబడి ఒకే చోట వంగి నలిగితే విరుగుతుంది. విరిగిన రేకు అంచు రంపంలా పక్కనున్న పట్టు పోగును కోస్తుంది. పైన మరో పది చీరల బరువు ఉంటే ఈ పని ఇంకా త్వరగా పూర్తవుతుంది. బరువైన చీర మీద, అడుగున ఉన్న చీర మీద మడత గీతలు ముందుగా తెగడానికి కారణం ఇదే.

దీనికి మందు చాలా తేలిక, ఖర్చు లేనిది. మూడు నెలలకు ఒకసారి, అది కుదరకపోతే కనీసం ఏడాదికి రెండు పర్యాయాలు, చీరను పూర్తిగా విప్పి మడత మార్చాలి. పాత గీతల మీదనే మళ్ళీ మడిస్తే విప్పినందువల్ల ప్రయోజనం లేదు. గతంలో సగానికి మడిచి ఉంటే ఈసారి మూడింట మడవాలి. మడత లోపల పాత మెత్తని నూలు గుడ్డను సన్నని చుట్టగా చేసి పెడితే గీత పదునుగా పడదు, గుండ్రంగా నిలుస్తుంది. మరీ విలువైన చీర అయితే మడవనే వద్దు. గట్టి గొట్టానికి తెల్ల నూలు గుడ్డ చుట్టి, దాని మీద చీరను వదులుగా చుట్టి, పైన మరో గుడ్డ కప్పి ఉంచడం అన్నిటికంటే మేలు. బట్టల అంగడిలో అడిగితే థాను చుట్టిన ఖాళీ గొట్టాలు ఇస్తారు. ఇనుప హ్యాంగరుకు తగిలించడం మాత్రం సరికాదు. జరీ బరువుకు చీర సాగుతుంది. తీగ ఆనిన చోట తుప్పు మరక కూడా పడుతుంది.

ప్లాస్టిక్ కవరు అంగడి నుండి ఇంటికి తెచ్చుకోవడానికి మాత్రమే. అందులో చిక్కుకున్న తేమ బయటికి పోలేదు. మచిలీపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో వానాకాలపు గాలిలో తేమ ఎంత ఉంటుందో అక్కడి వారికి చెప్పనక్కరలేదు. గాలిలో తేమ 65, 70 శాతం దాటితే బూజుకు అనుకూలమే. వార్తాపత్రికలో చుట్టినా నష్టమే. సిరా అంటుతుంది, ఆ కాగితంలోని ఆమ్లం బట్టను పసుపుగా మారుస్తుంది. ఉతికి ఆరవేసిన, గంజి పెట్టని పాత తెల్ల నూలు దుపట్టా ఉంటే చాలు, దానిని మించిన సంచి లేదు. గంజి అన్నది ఎందుకంటే, గంజి వాసనకు పురుగు వస్తుంది. ఒక్కొక్క చీరను విడివిడిగా చుట్టండి. ఒక దాని జరీ మరొక దాని పట్టుకు తగలకుండా ఉంటుంది. రబ్బరు బ్యాండు వేయకండి. రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

వానలు వెనుకబట్టి, గాలి పొడిగా వీచే రోజులలో చీరలను బయటికి తీయాలి. ఎండలో కాదు, నీడలో. గదిలో శుభ్రమైన దుప్పటి పరిచి, కిటికీ తెరిచి, రెండు మూడు గంటలు ఆరనిస్తే చాలు. ఆ సమయంలోనే పెట్టె లోపలి మూలలను పొడి గుడ్డతో తుడవండి. బీరువాను గోడకు ఆనించి ఉంచితే జానెడు ముందుకు జరపండి. చెమ్మ గోడ నుండే వస్తుంది.

కలరా ఉండల విషయం మరికొంత వివరంగా చెప్పవలసి ఉంది. వాటిలో చాలావరకు నాఫ్తలీన్ ఉంటుంది. అది గడ్డగా ఉండి నేరుగా ఆవిరిగా మారే పదార్థం. ఆ ఆవిరి బట్టలో ఇంకి ఎన్నో రోజులు నిలుస్తుంది. ఉండ నేరుగా జరీకి తగిలితే ఆ చోటు మసకబారుతుంది. కొందరు వాటితోపాటు కర్పూరం కూడా వేస్తారు. రెండూ ఒకచోట కలిస్తే మన వేసవి వేడికి కరిగి ద్రవమై బట్టకు మరక చేయగలవు. అయితే చీరకు జరిగే నష్టం ఇందులో చిన్నది. నానమ్మ పట్టుచీరలో పసికందును చుట్టి ఒడిలో పెట్టడం, అఖీఖా నాడు ఆ చీర పరిచి బిడ్డను పడుకోబెట్టడం ఎన్నో కుటుంబాలలో ముచ్చటగా చేసే పని. కొందరు శిశువులకు జన్మతః జీ–6–పీడీ అనే ఎంజైము లోపం ఉంటుంది. అది మగపిల్లలలో ఎక్కువ. అటువంటి బిడ్డకు నాఫ్తలీన్ ఆవిరి సోకితే రక్తంలోని ఎర్రకణాలు పగిలి, తీవ్రమైన పచ్చకామెర్లు వచ్చి, ప్రాణం మీదికి రావచ్చు. ఆ లోపం ఉన్నట్లు తల్లిదండ్రులకు ముందుగా తెలిసే అవకాశం తక్కువ. కనుక పసిపిల్లలున్న ఇంట్లో కలరా ఉండలు వద్దు. ఇదివరకే వేసి ఉంటే, ఆ బట్టలను రోజుల తరబడి గాలికి ఆరవేసి, శుభ్రం చేయించే వరకు బిడ్డ దగ్గరికి రానీయకండి. పెట్టె దగ్గర ఆడుకునే పిల్లలు ఆ తెల్ల ఉండలను మిఠాయి అనుకొని నోట్లో వేసుకునే ప్రమాదం కూడా ఉంది.

మరి పురుగు మాటేమిటి? ఎండిన వేపాకు, లవంగాలు, వట్టివేళ్ళు పలుచని నూలు సంచిలో కట్టి, చీరకు తగలకుండా పెట్టె మూలలో ఉంచవచ్చు. అవి చిమ్మటను కొంత దూరం పెట్టగలవేమో గాని, గుడ్డు నుండి వెలువడిన పురుగును చంపవు. పురుగును పిలిచేది మురికి. చెమట, నూనె, తిండి మరకలు ఉన్న చోటనే అది ముందుగా కొరుకుతుంది. చీకటిగా, కదలిక లేకుండా ఉన్న పెట్టె దానికి స్వర్గం. కాబట్టి మూడు నెలలకు ఒకసారి పెట్టె తెరవడమే ఇక్కడ కూడా మంచి మందు.

పెళ్ళి నుండి రాగానే చీరను మడిచి లోపల పెట్టేయకూడదు. బురఖా కింద గంటల తరబడి గాలి ఆడని చీర లోలోపల చెమటతో తడిసి ఉంటుంది. రాత్రంతా నీడలో ఆరవేసి, పిన్నులన్నీ తీసి, మరకలు వెదకాలి. బిర్యానీ నెయ్యి పడిన చోట నీళ్ళు చల్లితే మరక వ్యాపిస్తుంది. ముఖానికి రాసుకునే పౌడరు దట్టంగా చల్లి, కొన్ని గంటల తరువాత మెల్లగా దులపండి. నూనె సగానికి పైగా అందులోకి పీల్చుకుంటుంది. మెహందీ మరక మాత్రం మొండిది. గోరింటాకు రంగు మాంసకృత్తును పట్టుకునే రంగు. చేతి చర్మానికి ఎలా పండుతుందో పట్టుకూ అలాగే పండుతుంది. మెహందీ పూర్తిగా ఆరి, చేయి కడుక్కున్న తరువాతే పట్టుచీర ముట్టుకోవాలని పెళ్ళికూతురికి ముందే చెప్పి ఉంచండి. అత్తరు విషయం కూడా ఇటువంటిదే. అత్తరు నూనె మీద ఆధారపడినది. కొంగుకు రాస్తే ఏడాది తిరగకముందే పసుపుపచ్చని చుక్కలు తేలుతాయి. అత్తరు మణికట్టుకు రాసుకుని, ఆరిన పిమ్మట చీర కట్టాలి.

ఉతకడం గురించి క్లుప్తంగా చెబుతాను. బరువైన జరీ ఉన్న చీరను, మొదటి రెండు మూడుసార్లు ఏ పట్టుచీరనైనా, డ్రై క్లీనింగుకు ఇవ్వడమే మంచిది. తిరిగి వచ్చాక ఆ మందు వాసన పోయే వరకు ఆరనివ్వకుండా పెట్టెలో పెట్టకండి. సాదా పట్టును ఇంట్లో ఉతకదలిస్తే తడి తెల్లగుడ్డతో లోపలి మూలలో రుద్ది రంగు దిగుతుందేమో చూసి, చన్నీటిలో వడగట్టిన కుంకుడు రసంతో మెల్లగా జాడించాలి. నానబెట్టకూడదు, పిండకూడదు. గద్వాల చీరలలో ఒంటి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు; నూలు ఒక తీరున, పట్టు ఒక తీరున కుదించుకుంటాయి గనుక అతుకు దగ్గర ముడతలు పడతాయి. వాటిని ఇంట్లో తడపకపోవడమే నయం. ఇస్త్రీ తిరగవేసి, పైన నూలు గుడ్డ పరిచి, తక్కువ వేడితో చేయాలి. నల్లబడిన జరీని చింతపండుతోనో, పళ్ళపొడితోనో తోమే వారున్నారు. పైనున్న బంగారు పూత ఎంతో పలుచన. నలుపుతోపాటు అదీ పోతుంది. మసకబారిన జరీని అలాగే వదలడం మేలు.

చీలిన చీరను చూసి నిరాశపడి, పాత పట్టుచీరలు కొంటామని వీధిలో తిరిగే వారికి ఇచ్చేసే వారెందరో. వారు దానిని కాల్చి, బూడిదలో మిగిలిన వెండిని తీసుకుంటారు. బనారసులో మదన్‌పురా వంటి మొహల్లాలలో అన్సారీ కుటుంబాలు తరతరాలుగా మగ్గం మీద కూర్చొని నేసిన పువ్వులు ఆ మంటలో పోతాయి. ఇచ్చే ముందు ఒకసారి రఫూ చేసే వారికి చూపండి. ఉత్తరప్రదేశ్‌లోని నజీబాబాద్ రఫూగర్లు ఈ విద్యకు ప్రసిద్ధులు. మన నగరాలలో కూడా ఈ పని చేసే వారున్నారు. పోగుకు పోగు కలిపి వారు చేసిన రఫూ వెదికినా కనబడదు. రఫూకు మించి పాడైతే గట్టిగా ఉన్న భాగంతో ఆడపిల్లకు లంగానో, దుపట్టాకు అంచునో కుట్టించవచ్చు. మగపిల్లవానికి షేర్వానీ కుట్టిస్తామని కొందరు అడుగుతారు. పట్టు మగవారికి నిషిద్ధం, స్త్రీలకు ధర్మసమ్మతం అన్నది అందరికీ తెలిసినదే. హనఫీ పండితుల దృష్టిలో చిన్న మగపిల్లలకు తొడిగించడం కూడా సరికాదు. ఆ దోషం తొడిగించిన పెద్దలది.

మరొక సంగతి చాలా ఇళ్ళలో మౌనంగా మనస్పర్థలకు దారితీస్తున్నది. తల్లి మరణించిన తరువాత ఆమె చీరలు ఎవరివి? పెట్టె తాళం ఎవరి చేతిలో ఉంటే వారివి అన్నట్లు వ్యవహరిస్తారు. అది న్యాయం కాదు. నగలూ పొలమూ ఎలాగో, కట్టువస్త్రాలు కూడా అలాగే తర్కాలో భాగం. కుమారులతో సహా వారసులందరికీ అందులో హక్కు ఉంది. వయోజనులు మనస్ఫూర్తిగా వదులుకుంటే అది వేరు. చిన్నపిల్లల వాటాను వారి తరఫున ఎవరూ వదులుకోజాలరు. అలాగని ఒక్క చీరను ముక్కలు చేసి పంచనక్కరలేదు. విలువ కట్టి, ఒకరు చీర తీసుకుంటే మిగిలిన వారు మరొక వస్తువు తీసుకోవచ్చు. తల్లి తన జీవితకాలంలోనే ఒక చీరను కూతురికి ఇవ్వదలిస్తే చేతికి అప్పగించాలి. ఇది నీదే అని నోటితో చెప్పి తన పెట్టెలోనే ఉంచుకుంటే హిబా పూర్తి కాదు. ఒక కూతురికి ఇచ్చినప్పుడు మిగిలిన సంతానాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

ఇందుకోసమైనా చీర చుట్టిన గుడ్డకు ఒక గుర్తు ఉండటం అవసరం. కాగితం పెట్టి పిన్ను గుచ్చకండి, పిన్ను తుప్పు పడుతుంది. బెత్తెడు తెల్ల నూలు పట్టీ మీద పెన్సిలుతో చీర ఎవరిది, ఎప్పుడు కొన్నది, చివరిసారి ఏ నెలలో మడత మార్చినది రాసి, దానిని పై గుడ్డకు దారంతో కుట్టండి. పట్టీ కొంచెం పొడవుగానే తీసుకోండి. మూడు నెలలకు ఒకసారి కొత్త తేదీ రాయవలసి ఉంటుంది.