యుద్ధవిరామము – సంధి: కౌటిలీయ పరిభాషలో నేపాల శాంతిప్రక్రియ

యుద్ధవిరామమును సంధిగా వ్యవహరించుట నేడు పరిపాటియైనది. కౌటిల్యుని పరిభాషలో ఈ రెండును ఒకటి కావు. అర్థశాస్త్ర సప్తమాధికరణమున షాడ్గుణ్యమును నిరూపించుచు ఆచార్యుడు, నియమములతో కూడిన ఒడంబడికను సంధియనియు, ఉపేక్షతో ఊరకుండుటను ఆసనమనియు వేర్వేరుగా నిర్వచించెను. ఒకరినొకరు మించగోరియు దెబ్బతీయ నశక్తులైన విజిగీషువును శత్రువును వైరము విడువకయే నిలిచియుండుట విగృహ్యాసనము. కాల్పులు ఆగినంతనే వివాదము తీరదు గదా!

ఈ భేదమునకు నేపాల వృత్తాంతము చక్కని ఉదాహరణము. 1996 ఫిబ్రవరిలో మావోయిస్టుల సాయుధపోరాటము మొదలైనది. 2001లోను, 2003లోను ప్రకటింపబడిన విరామములు రెండును కొలది నెలలలోనే భగ్నమయ్యెను. రాజ్యాంగ పరిషత్తును ఎన్నుకొనవలెనను ప్రధానమైన కోరికపై అప్పటి ప్రభుత్వములతో సమ్మతి కుదరలేదు. కావున అవి విగృహ్యాసనములే గాని సంధులు కావు.

2006లో క్రమము మారినది. అంతకు ముందే, 2005 నవంబరున ఏడు పార్టీల కూటమియు మావోయిస్టులును 12 అంశములపై అవగాహనకు వచ్చి, రాజ్యాంగ పరిషత్తును లక్ష్యముగా అంగీకరించిరి. అనగా ఉభయపక్ష విరామమునకు పూర్వమే పణము నిర్ణయమైనది. 2006 ఏప్రిల్ ప్రజాందోళనమునకు రాజు జ్ఞానేంద్రుడు తలయొగ్గగా, నవంబరు 21న సమగ్ర శాంతి ఒప్పందము కుదిరెను.

ఇక ఒప్పందమును నిలుపునది ఏది? సత్యశపథములపై నిలిచిన సంధి చంచలమనియు, ప్రతిభువు (జామీను) గాని ప్రతిగ్రహము (బందీ) గాని ఉన్నదే స్థిరమనియు పూర్వాచార్యుల మతము. కౌటిల్యుడు దీనిని కాదనెను. సత్యశపథములు ఇహపరములు రెండింటను స్థిరములు. జామీను, బందీలు ఇహమునకే చెల్లును, అవియు బలాపేక్షకములు. అర్థశాస్త్రమును కేవల కూటనీతిగ్రంథముగా నెంచువారు ఈ ఘట్టమును మరల చదువవలసియున్నది.

నేపాలమున మావోయిస్టు సేన ఏడు ప్రధాన శిబిరములలో నిలుపబడినది. ఆయుధములు పెట్టెలలో పెట్టి తాళము వేయబడెను. తాళపుచెవులు మావోయిస్టుల యొద్దనే ఉండెను. ప్రభుత్వసైన్యమును సమసంఖ్యలో ఆయుధములను భద్రపరచెను. ఐక్యరాజ్యసమితి బృందము దీనిని పర్యవేక్షించినది. ఆ బృందమును ప్రతిభువనుటకంటె సాక్షియనుట యుక్తము. మాట తప్పినవారిని నిర్బంధించు బలము దానికి లేదు. 2011 జనవరిలో అది వెడలిపోయెను. మరుసటి యేడు మే నెలలో మొదటి పరిషత్తు రాజ్యాంగమును నిర్మింపకయే ముగిసెను. ఐనను యుద్ధము తిరిగి రాలేదు. 2008 ఎన్నికలలో అత్యధికస్థానములు గెలిచిన మావోయిస్టులకు అప్పటికే అడవికంటె సభయే లాభకరము. 2015 సెప్టెంబరు 20న రెండవ పరిషత్తు రూపొందించిన రాజ్యాంగము అమలులోనికి వచ్చెను.

సత్యాంశము మాత్రము వెనుకబడినది. యుద్ధమున అదృశ్యులైనవారి, మృతులైనవారి పేర్లను 60 దినములలో వెల్లడింతుమని 2006 ఒప్పందమున ఉభయులును మాట యిచ్చిరి. విచారణ సంఘములు ఏర్పడుటకే 2015 వరకు పట్టెను. వాటి చట్టమునకు సవరణ 2024లో జరిగినది. అధికారము, సైన్యము, రాజ్యాంగము విషయమున పక్షములు పరస్పరము ఋణము తీర్చుకొనెను. అదృశ్యులైనవారి కుటుంబములకు ఇచ్చిన మాట గడువులో చెల్లలేదు.