హంస అనే మాట వెనక ఉన్న పక్షి

రాస్తూ రాస్తూ ఒక అక్షరం వదిలేస్తాం. చూసుకుని, అది ఉండాల్సిన చోట గీత కింద చిన్న గోపురంలాంటి గుర్తు పెట్టి, జారిపోయిన అక్షరాన్ని పైన చేరుస్తాం. ఆ గుర్తు పేరు హంసపాదు. చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు ఎర్రసిరాతో వ్యాసాలు దిద్దుతూ, మొదటి వాక్యంలోనే అక్షరం ఎగిరిపోయి ఉంటే "ఆదిలోనే హంసపాదు పెట్టించావురా" అనేవారు. పని మొదలుపెట్టగానే అడ్డంకి వస్తే అందరూ అనే మాట రాతబల్ల మీద పుట్టిందని నాకు అలా తెలిసింది.

సంస్కృతంలో ఇదే గుర్తుకు కాకపదం అన్న పేరూ ఉంది. జర్మన్లు ఉటంకింపు గుర్తులను చిన్న పెద్దబాతు పాదాలు అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. కాగితం మీద సిరా గుర్తు చూడగానే బురదలో పక్షి వదిలిన అడుగు గుర్తుకు రావడం ఎక్కడైనా మనిషికి సహజమే. మరి మన హంసపాదు ఏ పక్షి అడుగు?

హంస అనగానే మన కళ్ల ముందు నిలిచేది దమయంతితో మాట్లాడుతున్న పక్షి: పొడవాటి వంపుమెడ, తెల్లటి ఒళ్లు. రవివర్మ చిత్రం, కేలండర్లు, పాఠ్యపుస్తకాలు ఆ రూపాన్ని మనలో స్థిరపరిచాయి. అది ఇంగ్లీషువాళ్లు స్వాన్ అనే పక్షి. చలిదేశాలది. ఎప్పుడైనా ఒకటీ అరా వాయవ్య భారతం వైపు వస్తాయి తప్ప, మన చెరువులకు అలవాటైన పక్షి కాదు.

గూస్‌కు హంస చుట్టం

హంస అనే మాట కులగోత్రాలు వెతికితే మరో పక్షి దొరుకుతుంది. జర్మన్ గాన్స్, రష్యన్ గూస్య్, లాటిన్ ఆన్సర్, ఇంగ్లీషు గూస్ అన్నీ సంస్కృత హంసకు తోబుట్టువులే. వీటన్నిటికీ అర్థం ఒకటే, పెద్దబాతు. ఇండో-యూరోపియన్ మూలభాషలో ఉన్న ఒక ధ్వని సంస్కృతంలో హకారంగా, జర్మానిక్ భాషల్లో గకారంగా మారింది. హిరణ్యం, గోల్డ్ అన్న మాటలూ ఇలాగే ఒకే వేరు నుంచి వచ్చాయి. లాటిన్‌లో మొదటి హకారం రాలిపోయి ఆన్సర్ మిగిలింది. ఇంగ్లీషులో మధ్యనున్న నకారం పోయి గూస్ అయింది. జర్మన్ గాన్స్‌లో మాత్రం ఆ నకారం ఇప్పటికీ వినిపిస్తుంది.

హిమాలయాలు దాటి మన దేశానికి వచ్చే ఒక పెద్దబాతుకు శాస్త్రనామం ఆన్సర్ ఇండికస్. మాటకు మాట తెలుగులో పెడితే 'భారతీయ హంస' అవుతుంది. ఇంగ్లీషులో దీన్ని బార్ హెడెడ్ గూస్ అంటారు. బూడిదరంగు ఒళ్లు, నారింజ పసుపు ముక్కు, కాళ్లు. తెల్లటి తల వెనక ఎవరో కాటుకతో అడ్డంగా గీసినట్టు రెండు నల్లటి పట్టీలు.

ఇల్లు మానససరోవరం

సంస్కృత పర్యాయపదాలు ఒక్కొక్కటీ పక్షిని గమనించినవాళ్ల చూపును దాచుకున్నాయి. అమరకోశం హంసకు ఇచ్చే పేర్లలో శ్వేతగరుత్తు అంటే తెల్లని రెక్కలు గలది. మానసౌకసం అంటే మానససరోవరం ఇల్లుగా గలది. ముక్కు, కాళ్ల రంగును బట్టి అమరసింహుడు రకాలు కూడా విడదీశాడు. ఎర్రటివైతే రాజహంస, మాసిన రంగువైతే మల్లికాక్షం, నల్లటివైతే ధార్తరాష్ట్రం. కమ్మగా కూసేది కలహంస, ఆడది వరట. ధార్తరాష్ట్రులంటే కౌరవులు కూడా కదా, ఈ రెండర్థాలతో భట్టనారాయణుడు వేణీసంహార నాటకం మొదట్లోనే శ్లేష కట్టాడు. హంస అన్నది ఒక్క జాతికే అంటిపెట్టుకున్న పేరు కాదనీ, పెద్దబాతులు మొదలుకొని వాటి దగ్గరి నీటిపక్షుల దాకా పరుచుకున్న పేరనీ ఈ పట్టికే చెబుతుంది.

వీటిలో మానసౌకసం అన్న పేరు నాకు చాలా ఇష్టం. బార్ హెడెడ్ గూస్ గుడ్లు పెట్టేది టిబెట్, లడఖ్, మంగోలియా పీఠభూముల సరస్సుల దగ్గర. చలి ముదరగానే గుంపులుగా హిమాలయాలు దాటి దక్షిణాది చెరువుల దాకా వస్తాయి. ఎండలు మొదలవుతుంటే తిరిగి వెళ్లిపోతాయి. పక్షులకు పరికరాలు కట్టి ఉపగ్రహాల ద్వారా గమనించినప్పుడు ఒక పక్షి 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు నమోదైంది. అంత ఎత్తులో గాలి పలచన, ప్రాణవాయువు తక్కువ. ఈ పక్షి రక్తంలోని హీమోగ్లోబిన్ ఆ కొద్దిపాటి ఆక్సిజన్‌నే గట్టిగా పట్టుకోగలదు. ఉపగ్రహాలు లేని రోజుల్లోనే మన పూర్వులు ఈ పక్షులకు ఉత్తరాన కొండల అవతల ఇల్లుందని గ్రహించారు. మేఘసందేశంలో కాళిదాసు, హిమాలయాల్లో అవి దాటే కనుమను హంసద్వారం అన్నాడు.

పాలనూ నీళ్లనూ వేరు చేస్తుందన్న ప్రతీతికీ కొందరు పండితులు ఒక వివరణ ఇచ్చారు. క్షీరమంటే ఆవుపాలే కాదు, మొక్కల్లో కారే తెల్లని పాలు కూడా. తామరతూడు తుంచితే పాలు వస్తాయి. నీళ్లలో మెడ ముంచి తూడు లాగి తినే పక్షి నిజంగానే నీళ్లు వదిలి పాలు తాగినట్టు కనిపిస్తుంది.

స్వాన్ మాటలో స్వనం

ఇంతకీ స్వాన్ మాట సంగతేమిటి? దాని మూలం 'ధ్వని' అన్న అర్థంగల పాత ధాతువని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. సంస్కృతంలో అదే ధాతువు స్వనం అయింది, లాటిన్‌లో సోనస్ అయింది. అంటే మన హంసకు చుట్టం గూస్ అయితే, వాళ్ల స్వాన్‌కు చుట్టం మన స్వనం!

ఇంగ్లీషువాళ్ల పూర్వులు చెవితో పేరు పెడితే, మరికొందరు కంటితో పెట్టారు. రష్యన్ లేబెద్ మూలార్థం తెలుపు. జపానువాళ్ల హకుచో అంటే తెల్లపక్షి. చైనావాళ్లు మాత్రం ఆకాశపు పెద్దబాతు అన్నారు. స్వాన్ జాతుల శాస్త్రనామం సిగ్నస్ గ్రీకు కిక్నోస్ నుంచి వచ్చింది. ఉత్తర అమెరికాలోని ఒక జాతికి బుక్సినేటర్ అని పేరు, అంటే బూర ఊదేది.

స్వాన్ అంటే తెల్లదేనని యూరప్ ఎంత గట్టిగా నమ్మిందంటే, ఎక్కడా దొరకని దాన్ని రోమన్ కవి జువెనాల్ నల్ల స్వాన్‌తో పోల్చాడు. 1697లో డచ్చి నావికుడు విల్లెమ్ డి వ్లామింగ్ ఆస్ట్రేలియా పడమటి తీరంలో ఒక నది నిండా నల్ల స్వాన్లనే చూశాడు. ఆ నది ఇప్పటికీ స్వాన్ రివర్, దాని ఒడ్డునే పెర్త్ నగరం. ఆ పక్షి శాస్త్రనామంలోని అట్రాటస్ అంటే నల్లబట్టలు కట్టినది.

తెలుగు గూట్లో

తెలుగులోకి వచ్చి హంస అంచ అయింది, రాజహంస రాయంచ అయింది. పింగళి సూరన ప్రభావతీ ప్రద్యుమ్నంలో ప్రేమ రాయబారం నడిపే శుచిముఖి హంసే. అయ్యలరాజు నారాయణామాత్యుడి హంసవింశతిలో ఇరవై కథలు చెప్పేదీ హంసే. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట హంసలదీవి ఉంది. అక్కడ మునిగిన కాకి హంస అయిందని స్థలపురాణం. రామస్వామి దీక్షితులు కూర్చిన రాగం హంసధ్వని.

ఇవన్నీ ఒక ఎత్తు, "హంస లేచిపోయింది" అన్న మాట ఒక ఎత్తు. ప్రాణం పోయిందనడానికి పెద్దలు అలా అంటారు. ఊపిరి 'హ' అంటూ బయటికి పోయి 'స' అంటూ లోపలికి వస్తుందని యోగులు చెప్పారు, అందుకే జీవుడు హంస. నాకు మాత్రం ఆ మాట వింటే చెరువే గుర్తుకొస్తుంది. చలికాలమంతా మన నీళ్లలో ఈది, ఒక తెల్లవారుజామున గుంపంతా లేచి ఉత్తరానికి వెళ్లిపోతే, ఖాళీ చెరువు ముందు నిలబడ్డవాడికి తోచే మాట అది.

ఈ చలికాలం వలసపక్షులు దిగే చెరువుకు వెళ్తే గట్టు పక్క తడిబురద కేసి చూడండి. ముందుకు చాచిన మూడు వేళ్లు, ఒక చోట కలిసే గీతలు. మాస్టారి ఎర్రసిరా గుర్తే అది. ఆ గుర్తు ఉన్నచోట జారిపోయిన అక్షరం ఒకటి చేర్చాలని కదా అర్థం. పటాల్లోని తెల్లని హంసను చూసి చూసి మనం జారవిడిచిన అక్షరం, తల మీద రెండు నల్ల పట్టీలతో మానససరోవరం వైపు నుంచి వచ్చే ఆ పెద్దబాతు.