దూరపు కొండలు – జూమ్ కెమెరా

'దూరపు కొండలు నునుపు' అని మన పెద్దలు చెప్పిన సామెత. దూరాన ఉన్న కొండను కన్ను చూడగలదే కాని, దానిపైని బండలను, పగుళ్ళను, పొదలను విడదీసి గుర్తించలేదు. ఈ లోటును తీర్చుకొనుటకే మానవుడు దుర్భిణిని నిర్మించుకొన్నాడు. 'దుర్భిణి' అను మాట పారశీక భాషలోని 'దూర్‌బీన్' నుండి పుట్టి, ఉర్దూలోను తెలుగులోను స్థిరపడినది. దూరాన్ని చూచునది అని దాని అర్థం. అయితే దుర్భిణి చూపును మాత్రమే ఇచ్చును. చూచిన దానిని నిలుపజాలదు. చూచిన దానిని గుర్తుంచుకొనగల దుర్భిణియే జూమ్ కెమెరా.

డిజిటల్ కెమెరాలు సామాన్యుల చేతికి వచ్చిన తొలి సంవత్సరాలలో వెలువడిన పొడుగు జూమ్ కెమెరా ఒకటి నా వద్ద కలదు. నేడు చేతి ఫోన్లు వచ్చిన పిమ్మట దానిని అడిగేవారు లేరు. కాని ఛాయాగ్రహణ సూత్రాలను నేర్చుకొనదలచిన విద్యార్థికి అది ఇప్పటికీ మంచి గురువు. ఎందుకనగా దాని శక్తి ఎంతో, దాని పరిమితి ఎంతో రెండూ లెక్కకు అందును.

ముందుగా కొంత చరిత్ర. చీకటి గదిలోనికి సన్నని రంధ్రం గుండా ప్రవేశించిన వెలుగు ఎట్లు ప్రవర్తించునో పదకొండవ శతాబ్దంలోనే ఇబ్న్ అల్ హైసమ్ పరిశీలించి, 'కితాబుల్ మనాజిర్' అను గ్రంథంతో దృష్టిశాస్త్రానికి పునాది వేశాడు. కెమెరా అనునది ఆ చీకటి గదికి చిన్న రూపమే. మన హైదరాబాదులో ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడై 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఆ గదిలో గాజు పలకలు అమర్చి చిత్రాలు తీశాడు. 1969లో బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనువారు సి.సి.డి. అను పరికరాన్ని రూపొందించారు. ఇది వెలుగును విద్యుత్తుగా మార్చి, చుక్కచుక్కగా లెక్కించును. 1975లో కొడాక్ సంస్థకు చెందిన స్టీవెన్ శాసన్ దానితో తొలి డిజిటల్ కెమెరాను నిర్మించాడు. ఒక్క చిత్రాన్ని క్యాసెట్ టేపుపై నమోదు చేయుటకు దానికి 23 సెకండ్లు పట్టినది.

1997లో సోనీ సంస్థ వెలువరించిన మావికా ఎఫ్.డి. 7 కెమెరా చిత్రాలను ఫ్లాపీ డిస్కుపై దాచేది. దానికి పది రెట్ల జూమ్ ఉండెను. 2000లో ఒలింపస్ సి-2100 అల్ట్రా జూమ్, 2002లో పానాసోనిక్ ఎఫ్.జెడ్. 1 వచ్చినవి. ఈ రెండింటిలోను సుమారు ఇరవై లక్షల చుక్కలు, అనగా రెండు మెగాపిక్సెళ్ళు మాత్రమే. కాని మొదటి దానికి పది రెట్లు, రెండవ దానికి పన్నెండు రెట్లు జూమ్ కలదు. పైగా చేతి వణుకును లెన్సులోనే సరిదిద్దు ఏర్పాటు రెండింటికీ ఉన్నది.

ఇంత చిన్న కెమెరాలో అంత పొడుగు చూపు ఎట్లు సాధ్యమైనది? కటకం నాభ్యంతరం పెరిగిన కొలది ప్రతిబింబం పెద్దదగునని భౌతికశాస్త్రంలో చదివియున్నాము. ఫిల్ము కెమెరాలో 380 మిల్లీమీటర్ల నాభ్యంతరం కావలెనన్న, లెన్సు మోచేతి పొడవు ఉండెడిది. సి-2100లో వెలుగును గ్రహించు ఫలకం చిటికెన వేలి గోరంత మాత్రమే. అందుచేత 7 నుండి 70 మిల్లీమీటర్ల వరకు మారు చిన్న లెన్సుతోనే, ఫిల్ము కెమెరాలో 38 నుండి 380 మిల్లీమీటర్ల లెన్సు చూపునంత దృశ్యం లభించును. ఫలకం చిన్నది కావడమే ఈ సౌలభ్యానికి రహస్యం.

ఇక దానిని వాడిన చోటు. రాజయ్యపేట అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలో బంగాళాఖాతపు ఒడ్డున గల మత్స్యకార గ్రామం. ఒడ్డున నిలిచి చూచిన, అలలు దాటి పోయిన పడవ కంటికి ఒక చుక్క. జూమ్ మీటను నొక్కితే ఆ చుక్క పడవగును. పడవలో మనుషులు కనబడుదురు. ఇక్కడ కొంచెం లెక్క వేయుదము. 380 మిల్లీమీటర్ల చూపులో, 500 మీటర్ల దూరాన ఉన్న దృశ్యం సుమారు 45 మీటర్ల వెడల్పు వరకు చట్రంలో పడును. ఆ వెడల్పును 1600 చుక్కలకు పంచగా, ఒక్కొక్క చుక్క సుమారు 3 సెంటీమీటర్లకు ప్రతినిధి. తొమ్మిది మీటర్ల పడవ 320 చుక్కలలో స్పష్టముగానే కనబడును. కాని 15 సెంటీమీటర్ల మనిషి ముఖానికి దక్కునవి ఐదు చుక్కలే! పడవలో మనిషి ఉన్నాడని చెప్పవచ్చును గాని, అతడెవరో చెప్పరాదు. 50 మీటర్లకు దగ్గరైనచో అదే ముఖానికి యాభై చుక్కలు లభించి పోలిక తెలియును. 'డిజిటల్ జూమ్' అనునది ఉన్న చుక్కలనే సాగదీయును. కొత్త సమాచారం ఏమియు చేర్చదు. కావున దానిని మూసివేయుట ఉత్తమం.

వాడుకలో పాటించదగిన నియమాలు కొన్ని కలవు. పొడుగు చూపులో చేతి వణుకు కూడ అంతే పెద్దదగును. కావున 380 మిల్లీమీటర్ల వద్ద షట్టర్ వేగం సెకండులో 400వ వంతు ఉండుట క్షేమం. వణుకును సరిదిద్దు ఏర్పాటు ఉన్నప్పుడు కొంత తగ్గించవచ్చును గాని, కదలు పడవను అది నిలుపలేదు. మోచేతులను పక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి మీట నొక్కవలెను. పాత కెమెరాలు ఫోకసు కుదుర్చుకొనుటకు జాగు చేయును. మీటను ముందుగా సగం నొక్కి ఉంచి, అల లేచిన క్షణాన పూర్తిగా నొక్కవలెను. మన తీరంలో సూర్యుడు సముద్రంపై ఉదయించును. కావున ఉదయాన పడవలు నల్లని నీడలుగా వచ్చును. సాయంత్రం వెలుగు భూమి వైపు నుండి పడి వాటి రంగులు తేటగా కనబడును. మిట్టమధ్యాహ్నం కాలిన ఇసుకపై గాలి అల్లాడుచుండును. అప్పుడు ఎంత మంచి లెన్సయినను దూరదృశ్యం చెదరక తప్పదు. ఉప్పుగాలి, ఇసుక రేణువులు ముందుకు జరుగు లెన్సు గొట్టానికి శత్రువులు. పని ముగియగానే పొడిగుడ్డతో తుడిచి మూయవలెను.

ఇంతవరకు చెప్పినది విద్య. ఇక వివేకం.

ఒక ఉదాహరణ తీసుకొందము. పది మీటర్ల తాటిచెట్టు, దాని వెనుక 900 మీటర్ల దూరాన 50 మీటర్ల పొగగొట్టం ఉన్నవనుకొనుడు. చెట్టుకు 100 మీటర్ల దూరాన నిలిచి తీసిన, పొగగొట్టం చెట్టులో సగమే కనబడును. చెట్టుకు 900 మీటర్లు వెనుకకు పోయి, జూమ్‌తో చెట్టును దగ్గరకు తెచ్చి తీసిన, అదే పొగగొట్టం చెట్టుకు రెండున్నర రెట్లు ఎత్తై, దాని నెత్తిమీద నిలిచినట్లు కనబడును. రెండు ఫోటోలలోను ఎట్టి మోసం జరుగలేదు. మారినది నిలిచిన చోటు మాత్రమే. అయినను మొదటిది చూచినవాడు 'ఇందులో భయమేమున్నది?' అనును; రెండవది చూచినవాడు 'అయ్యో!' అనును.

2025లో బల్క్ డ్రగ్ పార్కును వ్యతిరేకిస్తూ మత్స్యకారులు ఆందోళనకు దిగినప్పుడు రాజయ్యపేట పేరు పత్రికలకెక్కినది. ఆ వివాదంలో న్యాయనిర్ణయం చేయుట ఈ వ్యాసం పని కాదు. కాని ఇటువంటి చోట ఫోటో కేవలం అలంకారం కాదు, సాక్ష్యం. సాక్షి తాను ఎక్కడ నిలిచి చూచినదీ చెప్పవలెను గదా! అట్లే ఫోటో కింద తీసిన చోటు, దూరం, లెన్సు నాభ్యంతరం, తేదీ, వేళ వ్రాయవలెను. డిజిటల్ కెమెరా వీటిలో కొన్నింటిని చిత్రంతోపాటు తానే నమోదు చేయును. కాని దానిని గుడ్డిగా నమ్మరాదు. ఒక ఏడాది అల ఎంతవరకు వచ్చుచున్నదో ఒడ్డున నిలిచి చాలా చిత్రాలు తీసితిని. మరుసటి ఏడాది పోల్చిచూడగా, అన్నింటిమీదను ఒకే జనవరి 1వ తేదీ! పెన్సిల్ సెల్లులు మార్చినప్పుడు గడియారం మొదటికి పోయినది; నేను గమనించలేదు. నిలిచిన చోటును కూడ పుస్తకంలో వ్రాసుకొనలేదు. చిత్రాలు అందంగానే ఉన్నవి. కాని సాక్ష్యంగా వాటి విలువ శూన్యం.

మరొక పాఠం నాకు ఒక వృద్ధ మత్స్యకారుడు నేర్పినాడు. ఒడ్డున కొందరు కలిసి పెద్ద వల లాగుచుండగా దూరం నుండి జూమ్‌తో తీసితిని. ఎవరును గమనించలేదని సంతోషించితిని. తిరిగి వచ్చునప్పుడు ఆయన నన్ను ఆపి, "ఏటి బాబూ, దొంగలాగ అంత దూరం నుంచి తీసీసినావు? దగ్గరకొచ్చి అడిగితే మేమేటి కాదంటామా?" అన్నాడు. నా వద్ద సమాధానం లేకపోయినది. కెమెరాలోని చిన్న తెరపై ఆ చిత్రాన్ని చూపితిని. ఆయన చాలసేపు చూచి, వల ఎవరిదో, తాడు పట్టినవారు ఎవరెవరో పేరుపేరున చెప్పినాడు. ముఖాలకు ఐదారు చుక్కలే ఉన్న ఆ చిత్రంలో ఆయన నిలుచున్న తీరును బట్టియే తనవారిని గుర్తించెను. నా కెమెరా చూపలేనిది ఆయన పరిచయం చూపినది.

విద్యార్థి మిత్రులారా! పాత జూమ్ కెమెరా ఏదైనా మీ ఇంటి బీరువాలో పడియున్నచో తీసి తుడిచి వాడి చూడుడు. గడియారం సరిచేయుడు. నిలిచిన చోటును వ్రాసుకొనుడు. మనుషులను తీయునప్పుడు వారిని అడుగుడు. దూరపు కొండలు నునుపు కావని చూపగల శక్తి ఆ లెన్సుకు కలదు. కాని ఆ కొండ ఎంత దూరాన ఉన్నదో చెప్పవలసిన బాధ్యత మాత్రం దానిని పట్టిన చేతిదే.