వర్తకపు తగవులు: ప్రత్యేక న్యాయస్థానములు రైతున కెంత దగ్గర?

సరకు బండి కెక్కినంతనే అమ్మకము ముగిసినదని మన రైతులలో పెక్కురు తలంచుచుందురు. పైకము చేతికి వచ్చి పద్దులో చెల్లు వ్రాసికొన్ననాడు గాని అది ముగియదు. ఈ రెంటికిని నడుమ నున్న కాలముననే మనవారు నష్టపడుచున్నారు. పురుగును గూర్చియు తెగులును గూర్చియు ఈ పత్రికలో మే మెన్నియో మార్లు వ్రాసియుంటిమి. కళ్లమును దాటిన తరువాత పంటకు పట్టు తెగులును గూర్చి ఈ మారు వ్రాయవలసి వచ్చినది.

మేము పని మీద తిరుగు ప్రాంతమున నొక నల్లరేగడి గ్రామము కలదు. అచ్చటి సహకార సంఘమువారు 2022 మార్చి నెలలో 31 మంది సభ్యుల మిరపకాయను ఒకచోట చేర్చి, 240 టిక్కీలు, అనగా సుమారు 100 క్వింటాళ్లు, క్వింటాలు 16,000 రూపాయల చొప్పున ఒక వర్తకునకు అమ్మిరి. మొత్తము 16 లక్షలు. అందు 7 లక్షలు ఆనాడే ముట్టినవి. తక్కిన 9 లక్షలు వారము దినములలో నిత్తునని వర్తకుడు మాట యిచ్చెను. ఇందులకు మిగిలిన ఆధారము కాటా వేసినవాడు వ్రాసిన చీటీ యొక్కటియే. అందు తూనికయు ధరయు కలవు. వర్తకుని సంతకము మాత్రము లేదు.

వారము గడచిన పిదప మార్కెట్టు పడినదని వర్తకుడు చెప్పెను. నెల గడచిన పిదప కాయలో తాలు ఎక్కువ యనెను. మరికొన్నాళ్లకు తేమ ఎక్కువ యనెను. దీపావళినాడు 50,000 రూపాయలు నోట్లుగా తెచ్చి యిచ్చి, తక్కినది సంక్రాంతికనెను. రసీదు వ్రాసి అతనిచేత సంతకము చేయించుకొనుట మర్యాద కాదని కార్యదర్శి యూరకుండెను. ఇట్లు పండుగలు దాటుచు వచ్చినవి. 2025 మే నెలలో సంఘమువారు ప్లీడరుగారి యొద్దకు పోగా, దావాకు కాలదోషము పట్టి రెండు నెలలైనదని ఆయన చెప్పెను. అరువు మీద నమ్మిన సరకు వెలకై దావా వేయుటకు, అరువు గడువు తీరిననాటినుండి మూడేండ్లే కాలపరిమితి. దీపావళినాటి 50,000 చెక్కుగా పుచ్చుకొనియుండినను, ఇచ్చినవానిచేత ఒక్క పంక్తి వ్రాయించి సంతకము తీసికొనియుండినను, ఆ నాటినుండి మూడేండ్లు మరల లెక్కకు వచ్చియుండెడివి.

ఆ సరకులో 11 టిక్కీలు భర్తను పోగొట్టుకొన్న యొక స్త్రీవి. ఆమె మమ్ము చూచి, "కాయ మాది, బాకీ వాడిది. గడువు మాత్రం మాకు దాటిందంటారేమిటి అయ్యగారూ?" అని యడిగెను. మావద్ద సమాధానము లేకపోయినది.

ఆమె ప్రశ్న మనస్సున నాటుకొనుటచే, ఇట్టి తగవులకు ఏ ద్వారము తెరచియున్నదో విచారించితిమి. సంఘమునకును దాని సభ్యునకును నడుమ పుట్టిన తగవైనచో 1964 నాటి సహకార సంఘముల చట్టములోని 61వ సెక్షను ప్రకారము రిజిస్ట్రారుగారి యొద్దకు పోవచ్చును. ఇది మనవారిలో పెక్కురకు తెలిసినదే. కాని సరకు కొన్న వర్తకుడు సంఘ సభ్యుడు కాడు, బయటివాడు. వానిపై రిజిస్ట్రారుగారి యధికారము చెల్లదు, న్యాయస్థానమునకే పోవలెను. ఏ న్యాయస్థానమునకు? ఇచ్చటనే మనవారికి తెలియని సంగతి యొకటి కలదు.

వర్తకపు తగవులకు వేరు న్యాయస్థాన ముండవలెననుట నిన్నటి మాట కాదు. మధ్యయుగమున ఇంగ్లాండు దేశపు సంతలలో అక్కడి కక్కడే కూర్చుండి తీర్పు చెప్పు చిన్న న్యాయస్థానము లుండెడివి. వానికి 'దుమ్ము పాదముల న్యాయస్థానము' అను అర్థమిచ్చు పేరు. దూరమునుండి నడచి వచ్చినవాడు కాళ్ల దుమ్మైనను దులుపుకొనక ముందే ఫిర్యాదు చెప్పుకొనవచ్చును. ఎదిరి సంత విడిచి పోకముందే తీర్పు వెలువడవలెను. ఫ్రాన్సు దేశమున 1563లో రాజశాసనముచే పారిసు నగరమున వర్తకులే న్యాయాధిపతులుగా నుండు న్యాయస్థాన మేర్పడెను. లండనులో 1891లో ఓడ సరకు నష్టమును పంచుకొను విషయమై యొక వ్యాజ్యము నడచినది. వర్తకపు మర్యాదలు తెలియని న్యాయాధిపతి దానిని 22 దినములు విచారించి, తీర్పునకు మరల నెలలు పుచ్చుకొనెను. వర్తకులు విసిగిపోయిరి. తుదకు 1895లో అట్టి వ్యాజ్యములకు వేరు పట్టికయు, వర్తక న్యాయమునందు ఆరితేరిన జస్టిస్ మాథ్యూగారును ఏర్పడిరి.

ఇట్టి న్యాయస్థానములు ఎచ్చట పుట్టినను మొట్టమొదట పెద్ద వర్తకుల కొరకే పుట్టినవి. మన దేశమునందును అట్లే జరిగినది. లా కమిషనువారు 2003లో ఒకమారును, 2015 జనవరిలో మరియొకమారును సిఫారసు చేయగా, 2015 అక్టోబరు 23వ తేదీనుండి వర్తక న్యాయస్థానముల చట్టము అమలులోనికి వచ్చెను. ఆనాడు కోటి రూపాయలకు తక్కువగాని తగవులకే అది వర్తించెడిది. కోటి రూపాయల తగవు మన సంఘముల కెక్కడిది? అందుచే దానిని మనవారెవ్వరును లక్ష్యపెట్టలేదు. 2018లో సవరణ వచ్చి, ఆ యేటి మే 3వ తేదీనుండి కోటి రూపాయల హద్దు మూడు లక్షలకు దిగినది. దిన పత్రికలలో ఇది యొక మూలను అచ్చైనదేమో. మనకు మాత్ర మిది పెద్ద వార్త. క్వింటాలు 15,000 అనుకొన్నచో 20 క్వింటాళ్ల మిరపకాయ వెల మూడు లక్షలు. ఒక్క లారీ సరకును గూర్చిన తగవు ఇప్పుడా న్యాయస్థానమునకు చెందును. సరకుల విక్రయ ఒడంబడికలు చట్టములోని జాబితాయందు స్పష్టముగా నున్నవి. పొలము గట్టు తగవులును, అన్నదమ్ముల పంపకములును అచ్చటికి పోవు. స్థిరాస్తి విషయమున, వర్తకమునకై వాస్తవముగా వాడుకలో నున్న ఆస్తికే ఈ చట్టము వర్తించునని సుప్రీముకోర్టు 2019లో తీర్పు చెప్పినది.

ఈ న్యాయస్థానమున విశేషమేమని యడుగవచ్చును. వాయిదాలకు కళ్లెము వేయుటయే విశేషము. సమను అందిన 30 దినములలో ప్రతివాది తన జవాబు దాఖలు చేయవలెను. తగిన కారణము చూపి, ఖర్చులు కట్టినచో 120 దినములవరకు పొడిగింపు దొరకును. 121వ దినమున ఆ హక్కు పోవును. న్యాయాధిపతి దయతలచినను తిరిగి రాదని సుప్రీముకోర్టు 2019లో నిర్ధారించినది. పిమ్మట విచారణ యెట్లు నడువవలెనో తేదీలు ముందుగనే నిర్ణయింతురు. అట్టి మొదటి సమావేశమునుండి ఆరు నెలలలో వాదనలు ముగియవలెను, ముగిసిన 90 దినములలో తీర్పు రావలెను. నడుమ నిచ్చు ఉత్తరువులపై రివిజను పేర పై కోర్టునకు పోయి యేండ్లు గడుపుటకు వీలు లేదు. ఓడినవాడు గెలిచినవాని ఖర్చు నిచ్చుట సాధారణ నియమము. ఇవి కాగితముపై నున్న గడువులే యనియు, న్యాయాధిపతుల సంఖ్య చాలనిచోట ఇవియు జారిపోవుననియు మే మెరుగుదుము. అయినను బాకీదారునకు కాలమే బలమైనప్పుడు, ఆ బలమును కొంతయైన విరుచు చట్టము మనకు మేలు చేయునదే.

అయితే ఈ కత్తికి రెండు వైపుల పదును కలదు. వాది తన కాగితముల నన్నిటిని దావాతో పాటే జాబితా వ్రాసి దాఖలు చేయవలెను. పిమ్మట దొరికినదని యొక చీటీ తెచ్చినచో, ముందే ఏల తేలేదో కారణము చెప్పి కోర్టు అనుమతి పొందవలెను. చిట్టా, ఆవర్జా, కాటా చీటీ, లారీ రసీదు, బ్యాంకు పద్దు, సెల్‌ఫోనులో వర్తకుడు పంపిన సందేశము, అన్నియు మొదటనే కావలెను. పాత కోర్టులలో మన అజాగ్రత్తను వాయిదాలు కప్పివేసెడివి. ఇచ్చట కప్పువారు లేరు.

దావాకు ముందు మరియొక మెట్టు కలదు. అత్యవసరముగా తాత్కాలిక ఉత్తరువు కోరునప్పుడు తప్ప, మొదట మధ్యవర్తిత్వమునకు పోక దావా వేయరాదు. ఈ నియమము 2018 సవరణతో వచ్చినది; దీనిని తప్పినచో దావాయే త్రోసివేయబడునని 2022 ఆగస్టులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఇందుకై న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకొనవలెను. 2018 నాటి నియమముల ప్రకారము దరఖాస్తు రుసుము వేయి రూపాయలు. మధ్యవర్తి రుసుమును ఉభయులును చెరిసగము భరింతురు. మూడు నెలలలో ముగియవలెను, ఉభయుల సమ్మతిపై మరి రెండు నెలలు పొడిగింపవచ్చును. రాజీ కుదిరినచో దానికి ఆర్బిట్రేషను తీర్పుతో సమానమైన బలము కలదు. మనవారు ముఖ్యముగా గుర్తింపవలసినది మరియొకటి: మధ్యవర్తిత్వమున గడచిన కాలము కాలపరిమితి లెక్కలోనికి రాదు. పైన చెప్పిన సంఘమువారు గడువునకు వారము దినముల ముందైనను ఆ వేయి రూపాయల దరఖాస్తు పెట్టియుండినచో, 8,50,000 రూపాయల తగవు బ్రతికియుండెడిది. ఈ సంగతి వారికి చెప్పువారు లేకపోయిరి. మాకును అప్పటికి తెలియదని ఒప్పుకొనుచున్నాము.

మధ్యవర్తిత్వమందలి లోపమును కూడ చెప్పవలెను. ఎదిరి రానిచో ఏమగును? రెండవమారు నోటీసు పంపుదురు. అప్పటికిని రానిచో మధ్యవర్తిత్వము మొదలుకాలేదని యొక నివేదిక వ్రాసి యిత్తురు. రానివానికి అప్పటికప్పుడు దండన లేదు. బాకీ యెగవేయదలచినవానికి ఇవి ఊరకే దొరికిన నెలలు. పిలుపునకు రాక దావాలో ఓడినవానిపై రెట్టింపు ఖర్చులు వేయవలెనని మా యభిప్రాయము. అట్లు చేసినగాని ఈ మెట్టు రైతునకు మెట్టుగా నుండదు, అడ్డుగోడగా నుండును.

ఇక దూరము. మన రెండు రాష్ట్రములలో ఇట్టి ప్రత్యేక న్యాయస్థానములు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వంటి పెద్ద పట్టణములలో నున్నవి. మూడు లక్షల తగవును అందు చేర్చినవారు, ఆ తగవు కలవాడు ఎచ్చట నివసించునో ఆలోచించినట్లు కనబడదు. పెద్ద కంపెనీకి వాయిదా యనగా వకీలుకు ఫోను చేయుట. రైతునకు వాయిదా యనగా తెల్లవారుజామున బస్సు, ఒకనాటి కూలి, పొలమున నీరు పెట్టుటకు మరియొకని బ్రతిమాలుకొనుట. జిల్లా కేంద్రములలో నెలకు కొన్ని దినములైనను ఆ న్యాయాధిపతి వచ్చి కూర్చుండవలెను. చిన్న మొత్తముల తగవులలో సాక్ష్యమును దృశ్యశ్రవణ సాధనముద్వారా ఊరి చేరువనుండి చెప్పనీయవలెను. కాగితములు చాలవరకు ఆంగ్లమున నడచుటచే, తాను చేవ్రాలు చేసిన దావాలో ఏమున్నదో వాదికే తెలియకున్నది. సత్యమని ప్రమాణము చేసి సంతకము పెట్టవలసినవానికి, తాను దేనికి ప్రమాణము చేయుచున్నాడో తెలుగులో చెప్పుట న్యాయము కాదా?

న్యాయాధిపతికి సరకు తెలియవలెననుటయు మా కోరిక. తాలు, తేమ అను రెండు మాటలతో ఎన్ని బాకీలు ఎగిరిపోయినవో మిరప రైతుల నడుగుడు. ఎండుకాయలో తేమ నూటికి 11 పాళ్లు మించరాదని ఆహార ప్రమాణములు చెప్పుచున్నవి. కాని తగవు వచ్చునప్పటికి ఆ కాయ యెచ్చట నున్నది? ఎన్నడో కారమై పొట్లములలోనికి పోయినది. సరకును పరీక్షింపుడని కోర్టు ఉత్తరువిచ్చినను పరీక్షకు గింజయైనను మిగులదు. ఈ వ్యవహారమెరిగినవాడు పీఠముపై నున్నచో, ఏడు నెలల తరువాత తేమను గూర్చి మాటలాడు ప్రతివాదిని వెంటనే యొక ప్రశ్న యడుగును: దించుకొన్ననాడు ఏల చెప్పలేదు?

ఇట్టి యాలోచన వేరొకచోట ఆచరణకు వచ్చినది. ఫ్రాన్సువారు 2023 నవంబరులో చేసిన చట్టముచే, 2025 జనవరి 1వ తేదీనుండి 12 వర్తక న్యాయస్థానములను పరీక్షార్థము నాలుగేండ్లపాటు 'ఆర్థిక వ్యవహారముల న్యాయస్థానములు'గా మార్చిరి. అప్పులలో మునిగిన వ్యవసాయదారుల వ్యవహారములును అచ్చటికే వచ్చును. రైతుల వ్యవహారమును వర్తకులు మాత్రమే తీర్పు చెప్పుట పొసగదని, వ్యవసాయదారులైన న్యాయాధిపతులకును అందు స్థానము కల్పించిరి. ఫలితమెట్లుండునో కాలమే తెలుపవలెను. పద్ధతి మాత్రము గమనింపదగినది.

మన దేశమున 2020లో దీనికి విరుద్ధమైన దారి త్రొక్కిరి. ఆ యేడు వచ్చిన వ్యవసాయోత్పత్తుల వాణిజ్య చట్టము, రైతునకును వర్తకునకును పుట్టిన తగవును సబ్ డివిజనల్ మేజిస్ట్రేటునకు అప్పగించి, సివిలు కోర్టు తలుపు మూసివేసినది. 30 దినములలో తీర్పన్నమాట వినుటకు ఇంపుగనే యుండెను. కాని వేయి పనులలో మునిగియుండు రెవెన్యూ అధికారి చేతికి తగవు నిచ్చి, కోర్టునకు పోరాదనుటను రైతులు సహింపలేదు. వారి యభ్యంతరములలో ఇదియు నొకటి. 2021లో ఆ చట్టము రద్దయినది. త్వరగా తీర్పు కావలెను; నిజమే. న్యాయాధిపతిని తొలగించి తెచ్చు త్వర మాత్రము మనకు వలదు.

చట్టము మారువరకు చేతులు కట్టుకొని కూర్చుండ పనిలేదు. మొన్న మేము ఆ నల్లరేగడి గ్రామమునకు మరల పోయి యుంటిమి. సంఘమువారు మూడు ప్రతుల అమ్మకపు పుస్తకము అచ్చు వేయించిరి. తూనిక, ధర, తేమ కొలత, పైకమిచ్చు తేదీ, వర్తకుని సంతకము, అన్నియు ఒక్క కాగితముననే యున్నవి. సరకునుండి రెండు కిలోల కాయను తీసి, సంచిలో కట్టి, ఉభయుల చేవ్రాళ్లతో లక్క ముద్ర వేసి బీరువాలో నుంచుచున్నారు. బాకీ యున్న ప్రతి పద్దు ప్రక్కను కాలపరిమితి తీరు తేదీని ఎఱ్ఱసిరాతో వ్రాయుచున్నారు. ఆనాడు లారీ యెక్కుచున్న సరకు వద్ద, 11 టిక్కీలు పోగొట్టుకొన్న ఆ స్త్రీయే నిలుచుండెను. గుమాస్తా సంతకము రేపు చేయుదుననెను. ఆమె మారుమాటాడక లారీ మోకు కొసను చేత పట్టుకొని అక్కడనే కూర్చుండెను. అర్ధగంటలో సంతకము వచ్చినది.