గుడ్డు దుప్పటి కింద ఎర్రన్నం

"అత్తా, ఇది మనింట్లో అయితాదా?" అంటూ మా అన్న కూతురు ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. తెరమీద జపాను వంటాయన ఎర్రటి అన్నం ముద్ద మీద బొద్దుగా ఉన్న ఆమ్లెట్టు నిలిపి, కత్తితో నిలువునా ఒక గీత గీశాడు. గుడ్డు రెండు పక్కలకూ జారి అన్నాన్ని దుప్పటిలా కప్పేసింది. ఇద్దరం లేచి వంటింట్లోకి పోయి చూశాం. సోనా బియ్యం, అరడజను గుడ్లు, ఉల్లిగడ్డలు, గంపలో పత్తికొండ టమోటాలు. "అన్నీ ఉండాయి కదత్తా!" అంది పాప. నిజంగానే అన్నీ ఉన్నాయి. సముద్రాల అవతలి వంటకానికి కావలసిన సరుకు కర్నూలు వంటింట్లో అప్పటికే ఉండటం నాకు పట్టరాని సంతోషం కలిగించింది.

దాని పేరు ఒమురైసు. ఫ్రెంచివాళ్ల ఆమ్లెట్టు, ఇంగ్లీషువాళ్ల రైసు, ఈ రెండు మాటలూ జపానువాళ్ల నోట్లో నలిగి ఒకటయ్యాయి. మెయిజీ చక్రవర్తి కాలం నుంచీ పడమటి వంటలను తమ అన్నానికి తగ్గట్టు మార్చుకుంటూ వచ్చారు వాళ్లు. అట్లాంటి వంటలను యోషొకు అంటారు. ఒమురైసు తమదంటే తమదని టోక్యో, ఒసాకా రెండూ చెప్పుకుంటాయి. టోక్యో గింజా ప్రాంతంలో 1895లో పెట్టిన రెంగతేయ్ హోటల్లో పనివాళ్లు తమ కోసం గుడ్డులోనే అన్నం కలిపి వేసుకునేవాళ్లట. నాకు మాత్రం ఒసాకా కథ మీదే మనసు. 1925లో, ఇప్పుడు హొక్క్యోకుసేయ్ అని పిలిచే హోటలుకు కడుపు నలతగా ఉండే మనిషి ఒకాయన రోజూ వచ్చి ఆమ్లెట్టూ తెల్లన్నమూ మాత్రమే తిని పోయేవాడు. రోజూ అదే తింటున్నాడే అని హోటలాయన కితహాషి షిగెయో మనసు నొచ్చుకుని, అన్నాన్ని కెచప్‌తో వేయించి పల్చటి గుడ్డట్టులో చుట్టి పెట్టాడు. ఎదుటివాడి కడుపు గురించి ఆలోచించిన మనిషి చేతిలో పుట్టిన వంట ఇది.

ఆ అన్నం ఎర్రబడాలంటే కెచప్ ఉండాలి కదా, అదెక్కడిది? నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఈ ముక్కే. నగోయా దగ్గర పల్లెలో కనియె ఇచితారో అనే కుర్రరైతు 1899లో పడమటి కూరగాయలు వేశాడు. క్యాబేజీ లాంటివి అమ్ముడుపోయాయి, టమోటా పోలేదు. ఆ వాసన జనానికి గిట్టలేదు. పండింది పారబోయడం ఇష్టంలేక ఉడికించి, వడగట్టి, 1903లో సాసు చేశాడు. 1908లో కెచప్ చేశాడు. ఆయన మొదలుపెట్టిన పనే పెరిగి కగోమే కంపెనీ అయింది. అమ్ముడుపోని టమోటాను పొయ్యి మీదికెక్కించిన రైతు లేకపోతే ఈ ఎర్రన్నం ఉండేది కాదు.

ఇది చదివినప్పటినుంచీ పత్తికొండ మార్కెట్టు నా కళ్లముందునుంచి పోవడం లేదు. ధర పడిపోయిన రోజుల్లో కిలోకి రూపాయి కూడా రాక, కోత కూలీ, బండి బాడుగ మీదపడి, రైతు గంపలకు గంపలు రోడ్డు పక్కన కుమ్మరించి పోవడం మన జిల్లాలో చూడనివాళ్లు లేరు. అదే టమోటా 2023 జూలైలో వంద దాటి, కొనేవాళ్లను కంటతడి పెట్టించింది. టమోటాలో నూటికి 94, 95 పాళ్లు నీళ్లే. ఆ నీళ్ల వల్లే అది నాలుగు రోజులు ఆగదు, రైతును ఆగనివ్వదు. ఆ నీళ్లను తరిమితే నెలలు ఆగుతుంది. ఇక్కడ టమోటా ఫ్యాక్టరీ కావాలని రైతులు ఏళ్లుగా అడుగుతూ వచ్చారు. అది మనింట్లో తీరే పని కాదు గానీ, చవగ్గా ఉన్న వారం ఇంటికి రెండు కిలోలు ఎక్కువ కొని సీసాకెత్తడం మన చేతిలో పనే.

మేం కెచప్ సీసా కొనలేదు. కిలో టమోటాలను ముక్కలు కోసి, ఒక ఉల్లిగడ్డ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు వేసి మెత్తగా ఉడికించి జల్లెడలో రుద్దాం. తొక్కా గింజా పైన మిగిలాయి. కిందికి దిగిన రసంలో మూడు చెంచాల చక్కెర, ఉప్పు, చిటికెడు మిరప్పొడి, గుడ్డమూటలో కట్టిన రెండు లవంగాలూ చిన్న దాల్చినచెక్క ముక్కా వేసి వెడల్పాటి గిన్నెలో పొయ్యి మీద పెట్టాం. మొదట్లో నీళ్లలాగే తుళ్లుతుంది. ముప్పావు గంటకు బుడగలు బరువెక్కి, టప్ టప్‌మని చేతిమీదికి చిందుతాయి. అప్పుడు ప్లేటు మీద ఒక చుక్క వేసి చూడాలి. చుక్క చుట్టూ నీళ్ల వలయం కడితే ఇంకా కాగాలి. వలయం లేకుండా నిలబడితే రెండు చెంచాల వెనిగర్ పోసి, ఒక పొంగు రానిచ్చి దింపొచ్చు. కిలోకి పావుకిలో, కాస్త అటూ ఇటూ మిగిలింది.

తర్వాత బియ్యం. జపాను గింజ పొట్టి, ఉడికితే ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. మన సోనా సన్నగింజ, పొడిపొడిగా విడిపోతుంది. బాపట్ల పరిశోధనా కేంద్రం 1986లో ఇచ్చిన బీపీటీ 5204 వరి రకమే కర్నూలు-కడప కాలువ కింద పండి కర్నూలు సోనాగా దేశమంతా పేరు తెచ్చుకుంది. మా అమ్మ చిన్నప్పుడు కాలువ అందని ఊళ్లో వరన్నం పండగనాడే. మిగతా రోజులన్నీ కొర్రన్నం, సంగటి, జొన్నరొట్టె. అందుకేనేమో, అన్నం వృథా చేయడం అన్న మాట ఇప్పటికీ ఆమెకు మింగుడుపడదు. పులిహోరకు పనికొచ్చే పొడి అన్నం ఒమురైసుకు కుదరదు, గుడ్డు తీయగానే కూలిపోతుంది. అందుకని గ్లాసు బియ్యానికి రెండుంపావు గ్లాసులు నీళ్లు పోశాం. వెన్నలో ఉల్లి, చిన్నగా కోసిన కోడిమాంసం ముక్కలు వేగాక కెచప్ ముందు వేసి, పచ్చివాసన పోయి రంగు ముదిరేదాకా వేయించి, ఆ తర్వాతే అన్నం వేయాలి. అన్నం పడ్డాక కెచప్ పోస్తే తడి అన్నమే తప్ప వేగిన అన్నం రాదు.

ఇక గుడ్డు. పాప అడిగింది కత్తితో గీస్తే జారే రకం. 1985లో వచ్చిన ఇతామి జూజో సినిమా 'తాంపొపొ'తో దానికి పేరొచ్చింది. లోపల సగం పచ్చిగా ఉంటేనే జారుతుంది. జపానులో గుడ్లను కడిగి, పచ్చిగా తినడానికి గడువు తేదీ వేసి అమ్ముతారు. మన వీధిలో ఎండలో బండి మీదో అంగడి గుమ్మంలోనో ట్రేలు ఉంటాయి. ఆ గుడ్డును సగం పచ్చిగా పిల్లలకు పెట్టడానికి నా మనసొప్పలేదు. "ఒసాకా ఆయన చేసినట్టు చేద్దాం లే" అన్నాను. రెండు గుడ్లు, చెంచా పాలు, ఉప్పు నురగ రాకుండా కలిపి వడగట్టాం. పెనం వేడెక్కి వెన్న నురగ అణిగాక, సన్నసెగ మీద అట్టులా తిప్పి పోసి, పైతడి ఆరేదాకా మూతపెట్టాం. మధ్యలో అన్నం కోడిగుడ్డు ఆకారంలో పేర్చి, రెండంచులూ మడిచి, పళ్లెం మూతలా బోర్లించి తిప్పాం. మొదటిది చిరిగింది. రెండోదానికి సెగ ఇంకా తగ్గించాం. మూడోది పసుప్పచ్చగా, ఒక్క గోధుమ మచ్చ లేకుండా పళ్లెంలో పడింది.

కడపలో ఉన్న మా అక్కకు ఫోన్లో చెప్తే, "కెచప్ తీపి మీ బావకెక్కదు మే, ఎర్రకారం పూసి చేస్తా" అంది. కారం దోశ మీద పూస్తారే, ఎండుమిరపా ఉల్లీ వెల్లుల్లీ నూరిన ఆ కారమే. వారం తర్వాత వెళ్లినప్పుడు చేసి పెట్టింది. రంగు అదిరింది. కానీ ఘాటు కింద గుడ్డు మెత్తదనం కనిపించకుండా పోయింది, టమోటా పులుపు లేని లోటు తెలిసింది. అక్కే తిని చూసి, నిమ్మకాయ పిండి, "సగం చెంచా చాలు, అన్నంలోనే కలిపేదుండె" అంది. అర చెంచా ఎర్రకారం, రెండు చెంచాల కెచప్ కలిపిన ఎర్రన్నం ఇప్పుడు మా రెండిళ్లలోనూ నిలిచిపోయింది.

కర్నూల్లో ఆ మొదటి రోజు మూడో ఒమురైసును పాప మా అమ్మకు పెట్టింది. జపానువాళ్లు కెచప్‌తో గుడ్డు మీద పేర్లు రాస్తారని చెప్పి, చెంచా కొసతో 'అవ్వ' అని రాసింది. వ కింద ఒత్తు గుడ్డు అంచు దాటి పళ్లెంలోకి జారింది. "ఇదేంది పాపా, దుప్పటి కప్పినావు అన్నానికి?" అంటూ అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. చెంచా పక్కన పెట్టి, ముందు పళ్లెంలో పడిన ఆ ఒత్తునే వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. "పత్తికొండదేనా?" అని అడిగింది.