పోర్చుగల్‌లో ఏడు రోజులు: ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పాసైన ట్రిప్ ప్లాన్

ఫారిన్ ట్రిప్ ప్లాన్ చేయడానికి ఇప్పుడు ఫోన్ ఒక్కటి చాలు అంటారు. సిటీల వరకు అది నిజమే. మెట్రో, క్యాబ్, మ్యాప్, ట్రాన్స్‌లేషన్, పేమెంట్ అన్నీ జేబులోనే ఉంటాయి. కానీ అదే ట్రిప్‌లో కొండల మధ్య ఒక ద్రాక్షలోయ కూడా ఉందనుకోండి, రోజుకి నాలుగైదు రైళ్లు తప్ప వేరే దారి లేని చిన్న ఊరు ఉందనుకోండి, అప్పుడు మీ స్మార్ట్ ప్లాన్ ఎంత స్మార్టో తెలుస్తుంది.

సెప్టెంబర్‌లో మేం ముగ్గురం పోర్చుగల్ వెళ్తున్నాం. నేను, మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న అక్క, 66 ఏళ్ల అమ్మ. అమ్మకి ఇదే మొదటి విదేశీ ప్రయాణం. మోకాళ్ల నొప్పులున్నాయి, శాకాహారం, మందు వాసన కూడా పడదు. అక్కకేమో వైన్ అంటే బాగా ఆసక్తి. అక్క, అమ్మ కలిసి రెండేళ్లయింది. దొరికింది ఒక్క వారం. ఒక రైలు మిస్ అయితే ఫ్లైట్ మిస్, ఫ్లైట్ మిస్ అయితే ముగ్గురి సెలవులూ డబ్బులూ గోవిందా. అందుకే ఈ ప్లాన్‌ని మనం ఇక్కడ ఫోన్లని టెస్ట్ చేసినట్టే టెస్ట్ చేశా.

పోర్చుగల్ ఎందుకు?

లిస్బన్, పోర్తో, డౌరో లోయ. ఈ మూడూ రైలు మీద ఒకే లైన్‌లో కుదురుతాయి. కారు అద్దెకి తీసుకోవాల్సిన పని లేదు. వైన్ ఊళ్లకి వెళ్తూ కారు తీసుకోవడంలో ఒక చిక్కు కూడా ఉంది. అక్కడ డ్రైవర్ల రక్తంలో ఆల్కహాల్ లిమిట్ లీటరుకి 0.5 గ్రాములు. అంటే రుచి చూసేవాళ్లు స్టీరింగ్ పట్టుకోకూడదు. మిగిలింది నేనే. ఐడీపీ తీసుకుని, తెలియని ఘాట్ రోడ్డు మీద కళ్లు పెట్టి నడిపితే పక్కనున్న నది నాకేం కనిపిస్తుంది? రైలే బెటర్.

ఇంకో విషయం. 1755 భూకంపంలో కూలిపోయిన లిస్బన్‌ని మళ్లీ కట్టించిన మంత్రి మార్క్విస్ ఆఫ్ పోంబల్. మరుసటి ఏడాది, 1756లో, డౌరో వైన్ ప్రాంతానికి హద్దులు గీయించిందీ ఆయనే. ప్రపంచంలో ప్రభుత్వం హద్దులు పెట్టి నియంత్రించిన తొలితరం వైన్ ప్రాంతాల్లో అదొకటి. అంటే మన రూట్ మొదలూ చివరా ఒకే మనిషి గీసినవి.

ఏఐ యాప్‌లు ఇచ్చిన ప్లాన్

మూడు ఏఐ యాప్‌లకి ఒకే ప్రాంప్ట్ ఇచ్చా: ఏడు రోజులు, ముగ్గురు మనుషులు, మోకాళ్ల నొప్పి, శాకాహారం, కారు వద్దు. మూడూ చూడ్డానికి చక్కటి టేబుల్స్ ఇచ్చాయి. తర్వాత ఒక్కో లైన్‌నీ పోర్చుగల్ రైల్వే సంస్థ సీపీ టైమ్‌టేబుల్‌తో పక్కపక్కన పెట్టి చూశా.

ఒకటి పోర్తో నుంచి పిన్యావ్‌కి గంటలో చేర్చేసింది. నిజానికి రైల్లో సుమారు రెండున్నర గంటలు. ఇంకోటి మోకాళ్ల కోసమని లిస్బన్‌లో గ్లోరియా ఫ్యునిక్యులర్ ఎక్కమంది. 2025 సెప్టెంబర్‌లో అది ఘోర ప్రమాదానికి గురైంది. ఆ తర్వాత ఊళ్లోని మిగతా ఫ్యునిక్యులర్లనీ ఆపేశారు. పాత బ్లాగుల్లో చదివింది ఏఐ మనకి వడ్డిస్తోందన్నమాట. మూడోది ద్రాక్షలోయని ఉదయం వెళ్లి సాయంత్రం వచ్చేసే డే ట్రిప్ చేసింది. ఐదు గంటలు రైల్లో, మిగతాది పరుగులో. అమ్మతో అది అయ్యే పని కాదు.

ఐడియాల కోసం ఏఐని వాడండి, బాగుంటుంది. టైమింగ్స్ మాత్రం ఆ రైలు నడిపేవాళ్ల సైట్‌లోనే చూడండి.

కష్టమైన రోజు నుంచి మొదలుపెట్టాలి

అందరం డే వన్ నుంచి ప్లాన్ రాస్తాం. నేను ఐదో రోజు నుంచి రాశా. ఎందుకంటే మన చేతిలో లేని రోజు అదే. లిస్బన్‌లో ఒక మెట్రో పోతే కాసేపటికి ఇంకోటి వస్తుంది. పిన్యావ్‌లో సాయంత్రం రైలు పోతే మళ్లీ పొద్దున్నే. అక్కడ క్యాబ్ యాప్‌ల మీద ఆశ పెట్టుకోలేం. అందుకే పిన్యావ్‌లో ఒక రాత్రి బస, తిరుగు రైలుకీ ఫ్లైట్‌కీ మధ్య పోర్తోలో ఇంకో రాత్రి. ఈ రెండూ ఫిక్స్ చేశాకే మిగతావి కదిపా.

చివరికి తేలిన ప్లాన్ ఇదీ:

• 1వ రోజు: హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లిస్బన్. అక్క మ్యూనిక్ నుంచి నేరుగా వస్తుంది. బస బైషాలో. భూకంపం తర్వాత గళ్ల నోట్‌బుక్‌లా కట్టిన చదును ప్రాంతం అది.

• 2వ రోజు: 15 నంబర్ ట్రామ్‌లో బెలెం, జెరోనిమోస్ మఠం. ఫేమస్ 28 నంబర్ ట్రామ్‌ని వదిలేశా. విపరీతమైన రద్దీ, జేబుదొంగలు.

• 3వ రోజు: అల్ఫా పెండులార్ రైల్లో పోర్తో. మూడొందల కిలోమీటర్ల పైచిలుకు దూరం, సుమారు మూడు గంటలు.

• 4వ రోజు: పోర్తో, నదికి అవతల ఉన్న విలా నోవా ద గాయా వైన్ గోదాములు.

• 5వ రోజు: రైల్లో పిన్యావ్. సాయంత్రం నదిలో పడవ. రాత్రి అక్కడే.

• 6వ రోజు: ఉదయం ద్రాక్షతోట విజిట్. సాయంత్రం రైల్లో పోర్తో.

• 7వ రోజు: పోర్తో నుంచే తిరుగు ఫ్లైట్. లిస్బన్‌కి వెనక్కి రావక్కర్లేదు. బుకింగ్‌లో 'మల్టీ సిటీ' ఆప్షన్ ఉండేది ఇందుకే.

సింట్రా లేదేంటని అడుగుతారని తెలుసు. ఎక్కుళ్లు, దిగుళ్లు, క్యూలు. ఈసారికి వద్దనుకున్నాం.

మోకాళ్ల కోసం మ్యాప్ చదవడం

మ్యాప్‌లో 700 మీటర్లు అని ఉంటే అది మన అమీర్‌పేట 700 మీటర్లా, లిస్బన్ కొండ 700 మీటర్లా అన్నది చూసుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో వాకింగ్ రూట్ ఓపెన్ చేస్తే చాలా చోట్ల ఎత్తుపల్లాల గ్రాఫ్ కూడా కనిపిస్తుంది. హోటల్ బుక్ చేసే ముందు స్ట్రీట్ వ్యూలో గుమ్మం ముందు మెట్లున్నాయేమో చూశా. లిఫ్ట్ ఉందా అని మెయిల్ పెట్టి అడిగా.

లిస్బన్‌లో ఒక మంచి షార్ట్‌కట్ ఉంది. బైషా-షియాడో మెట్రో స్టేషన్‌కి ఒక గేటు కింద బైషాలో, ఇంకోటి పైన షియాడోలో. మధ్యలో ఎస్కలేటర్లు. కొండ ఎక్కే పని అవే చేసేస్తాయి. పోర్తోలో అయితే మెట్రో పసుపు లైన్ 1886 నాటి డోమ్ లూయిస్ వంతెన పై అంతస్తు మీదుగా నది దాటుతుంది. అవతల జార్దిం దు మొర్రులో దిగి, కేబుల్ కార్‌లో కిందికి జారితే గోదాముల దగ్గరే ఉంటాం.

అన్నట్టు, 65 దాటినవాళ్లకి సీపీ రైళ్లలో సగం టికెట్టే. వయసు చూపించే ఐడీ ఉంటే చాలు. మూడు ఏఐలలో ఒక్కటీ ఈ మాట చెప్పలేదు.

ఎయిర్‌ప్లేన్ మోడ్ టెస్ట్

ప్లాన్ రెడీ అయ్యాక ఒక ఆదివారం ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై ఆపేసి, ఏడు రోజుల ప్లాన్‌నీ మొదటి నుంచి చివరి వరకు నడిపి చూశా. 'ఇప్పుడు పోర్తోలో దిగాం, హోటల్‌కి దారి ఏది?' అని నన్ను నేనే అడుగుతూ.

గూగుల్ మ్యాప్స్: ఆఫ్‌లైన్ మ్యాప్ సేవ్ చేసినా కారు రూట్లే ఇస్తుంది. నడక, బస్సు, రైలు రూట్లు నెట్ లేకుండా రావు. మాకు కావాల్సింది నడకే. అందుకని ఆర్గానిక్ మ్యాప్స్‌లో పోర్చుగల్ డౌన్‌లోడ్ చేశా. ఇందులో నడక దారులు ఆఫ్‌లైన్‌లోనూ వస్తాయి.

టికెట్లు: మెయిల్‌లో ఉన్న పీడీఎఫ్ నెట్ లేకుండా తెరుచుకుంటుందన్న గ్యారంటీ లేదు. అన్నీ ఫోన్ స్టోరేజీలో ఒక ఫోల్డర్‌లో పెట్టి, '3-లిస్బన్-పోర్తో-రైలు' అని రోజు నంబర్‌తో పేర్లు ఇచ్చా. అదే ఫోల్డర్ అక్క ఫోన్‌లో కూడా ఉంది. అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో ప్రింటౌట్.

ట్రాన్స్‌లేట్: పోర్చుగీస్, తెలుగు ప్యాక్‌లు రెండూ దింపుకున్నా. శాకాహారం అనే ఒక్క మాట సరిపోదు. అక్కడి ఫేమస్ ఆకుకూర సూప్ కాల్దో వెర్దులో కూడా మామూలుగా సాసేజ్ ముక్క వేస్తారు. అందుకే 'మాంసం వద్దు, చేప వద్దు, మాంసం ఉడికించిన నీళ్లు కూడా వద్దు' అన్న వాక్యాన్ని పోర్చుగీస్‌లో పెద్ద అక్షరాలతో ఇమేజ్ చేసి అమ్మ ఫోన్ లాక్‌స్క్రీన్‌గా పెట్టా. అన్‌లాక్ చేసే పని కూడా లేదు, చూపిస్తే చాలు.

ఈసిమ్, ఓటీపీ, డబ్బు

మీ ఫోన్‌లో ఈసిమ్ ఉందో లేదో తెలియాలంటే *#06# కొట్టండి. ఈఐడీ నంబర్ కనిపిస్తే సపోర్ట్ ఉన్నట్టు. యూరప్ డేటా ఈసిమ్‌ని ఇంట్లోనే వైఫై మీద ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఇండియా సిమ్‌ని మాత్రం తీయొద్దు. బ్యాంక్ ఓటీపీలు దానికే వస్తాయి. ఆ సిమ్‌కి రోమింగ్ యాక్టివేట్ చేయించి, డేటా రోమింగ్ ఆఫ్‌లో పెడితే సరి.

మన యూపీఐ అలవాటుని ఎయిర్‌పోర్ట్‌లోనే వదిలేయాలి. కార్డులే దిక్కు. బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్స్ ఇక్కడే ఆన్ చేసుకోండి. మెషీన్ 'రూపాయల్లో కట్టాలా, యూరోల్లో కట్టాలా' అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే రేటు వాళ్లిష్టం. ఏటీఎం కావాలంటే 'మల్టీబాంకో' బోర్డు ఉన్నది చూసుకోండి. చిన్న ఊరి హోటళ్ల కోసం కొంత క్యాష్ ఉంచుకోవడం మంచిది.

బ్యాగ్‌లో ఏం పెట్టా?

పోర్చుగల్‌లో కరెంట్ 230 వోల్టులే. సన్నటి రెండు పిన్నుల ఫోన్ చార్జర్ నేరుగా పడుతుంది. మూడు పిన్నుల ల్యాప్‌టాప్ ప్లగ్ పట్టదు. ఒక 65 వాట్ల గాన్ చార్జర్‌తో ముగ్గురి ఫోన్లూ నడుస్తాయి.

పవర్‌బ్యాంక్ క్యాబిన్ బ్యాగ్‌లోనే ఉండాలి, లిమిట్ 100 వాట్-అవర్. ఎంఏహెచ్‌ని 3.7తో గుణించి 1000తో భాగిస్తే లెక్క తేలుతుంది. 20,000 ఎంఏహెచ్ అంటే 74, కాబట్టి ఓకే. విమానంలో దాన్ని వాడనివ్వని ఎయిర్‌లైన్స్ ఉన్నాయి, మీ ఎయిర్‌లైన్ రూల్ చూసుకోండి.

డౌరో లోయలో వేసవి ఎండ 40 డిగ్రీలని తాకుతుంది, సెప్టెంబర్‌లోనూ వేడి ఉంటుంది. ఐఫోన్ వాడకానికి యాపిల్ చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. పడవలో ఎండకి ఫోన్ పెట్టి టైమ్‌ల్యాప్స్ తీయాలనుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

తాగనివాళ్లకి ద్రాక్షలోయలో ఏముంది?

అక్క మొదట అడిగిన ప్రశ్న ఇదే: 'అమ్మకి అక్కడ బోర్ కొట్టదా?' నాకైతే అమ్మకే ఎక్కువ నచ్చుతుందనిపిస్తోంది. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు ఉండేవి. అమ్మ చూసిన ద్రాక్ష అంటే పందిరి, తల మీద వేలాడే గుత్తులు. డౌరోలో పందిళ్లు కనిపించవు. నిట్టనిలువు కొండల్ని మెట్లుమెట్లుగా చెక్కి, రాతి గోడలు కట్టి, నడుము ఎత్తు తీగల్ని వరసల్లో పెంచుతారు. 2001లో యునెస్కో ఈ లోయకి వారసత్వ హోదా ఇచ్చింది. సెప్టెంబర్‌లో కోతలు. పిన్యావ్ స్టేషన్ గోడల మీద ఆ కోతల బొమ్మలే 24 టైల్ చిత్రాలుగా ఉన్నాయి.

పోర్ట్ వైన్ కథ కూడా సింపుల్. ద్రాక్షరసం పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష స్పిరిట్ కలిపి ఆపేస్తారు. మిగిలిన చక్కెర వల్లే ఆ తీపి, స్పిరిట్ వల్ల సుమారు 20 శాతం ఆల్కహాల్. లోయలో ఎండ ఎక్కువ కాబట్టి సముద్రం దగ్గరి చల్లటి గాయా గోదాముల్లో పరిపక్వం చేసేవారు. ఆ పీపాల్ని రబెలు పడవల్లో నది మీద దించేవారు. పీపా అంటే గుర్తొచ్చింది, అది వాళ్ల మాటే. పోర్చుగీస్‌లో 'పిపా'. మన బాల్చీ, మేస్త్రీ కూడా అక్కణ్నుంచి వచ్చినవే.

పిన్యావ్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లే దూరంలో కింతా దు బొంఫిం అనే తోట ఉంది. ముందుగా బుక్ చేసుకోవాలి. రైల్లో పోర్తో నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి. నది అటే. ప్రాంతీయ రైళ్లలో సీట్ నంబర్లు ఉండవు, కాస్త ముందు వెళ్లాలి.

వీసా, చివరి చెక్

షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఎక్కువ రోజులు ఉండే దేశానికే అప్లై చేయాలి, మాకు పోర్చుగల్. ఇమిగ్రేషన్ మాత్రం మొదట దిగే ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే. 2025 అక్టోబర్‌లో మొదలైన ఎంట్రీ-ఎగ్జిట్ సిస్టమ్ వల్ల క్యూలు పెరగొచ్చు. అందుకే కనెక్షన్ టైమ్ తక్కువున్న చౌక టికెట్‌ని వదిలేశా.

బయల్దేరే ముందు రోజు సీపీ సైట్‌లో 'గ్రేవ్' అన్న మాట కోసం వెతకండి. సమ్మె అని అర్థం. ఉంటే ఆ రోజుకి బస్సు చూసుకోవాలి. ఆ బస్సు సైట్ లింక్ కూడా మా ఫోల్డర్‌లో ఉంది.

మీరు వెళ్లేది టస్కనీ కావచ్చు, బోర్డో కావచ్చు. పద్ధతి ఇదే. రైళ్లు తక్కువున్న రోజుని ముందు రాయండి. మీలో ఎక్కువ నడవలేని మనిషిని బట్టి దూరాలు కొలవండి. ఆ తర్వాత ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్ చేసి ఏడు రోజులూ తిరిగి రండి. ఎక్కడ ఆగిపోతారో ఇంట్లో సోఫాలోనే తెలిసిపోతుంది, సరిచేసుకోవడానికి టైమ్ కూడా ఉంటుంది.