అద్దాల మధ్య అణువులు

క్షౌరశాలలో కుర్చీ ఎక్కినప్పుడు ముందూ వెనుకా ఉన్న అద్దాల్లో మీ తల వరుసగా ఎన్నోసార్లు కనిపించడం గమనించే ఉంటారు. మా గుండ్లపోచంపల్లిలోనూ అంతే. కాంతి అద్దాల మధ్య అటూ ఇటూ పరావర్తనం చెందుతూ ఉండటమే దీనికి కారణం. ఆ అద్దాల ఎడాన్ని మిల్లీమీటరులో నూరోవంతు కంటే తగ్గించామనుకోండి. అప్పుడు ఏ కాంతి పడితే ఆ కాంతి అక్కడ నిలవదు. ఆ ఎడంలో అర తరంగాలు పూర్ణసంఖ్యలో ఇమిడే కాంతి మాత్రమే నిలుస్తుంది. దీన్ని కాంతి కుహరం అందాం.

ఇక అణువుల సంగతి. పరమాణువులను కలిపే బంధాలు స్ప్రింగుల్లా ఎప్పుడూ కంపిస్తుంటాయి. ఒక్కో బంధానికి ఒక్కో పౌనఃపున్యం. 1928లో రామన్ కనుగొన్న ఫలితం ఈ కంపనాలను కొలవడానికి సాధనమైంది. రామన్ వద్ద పరిశోధన చేసి, తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయిన మన సూరి భగవంతం ఈ రంగంలో ప్రసిద్ధులు.

కుహరానికీ బంధానికీ పౌనఃపున్యం ఒకటే అయితే? ఒకే దారానికి వేలాడదీసిన రెండు సమాన లోలకాల మాదిరి కాంతీ అణువులూ శక్తిని ఇచ్చిపుచ్చుకుంటాయి. ఒక పౌనఃపున్యం స్థానంలో రెండు ఏర్పడతాయి. విచిత్రమేమంటే దీనికి దీపం వేయనక్కరలేదు! చిమ్మచీకటిలోనూ విద్యుదయస్కాంత క్షేత్రం పూర్తిగా నిశ్చలంగా ఉండదని క్వాంటం సిద్ధాంతం చెబుతుంది. ఆ అల్ప చలనమే చాలు.

ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో థామస్ ఎబ్బెసన్ బృందం 2016లో సిలికాన్-కార్బన్ బంధం తెగే చర్యను బంగారు పూత అద్దాల మధ్య జరిపింది. అనూప్ థామస్, జినో జార్జ్ అనే భారతీయులు అందులో ఉన్నారు. అద్దాల ఎడం ఆ బంధపు కంపనానికి సరిపోగానే చర్య వేగం సుమారు 5వ వంతుకు పడిపోయింది. ఎడం కాస్త మారిస్తే మళ్లీ మామూలే. 2019లో ఈ బృందమే, అణువులోని రెండు బంధాల్లో ఏది ఎక్కువగా తెగాలన్నది కూడా అద్దాలతో మార్చి చూపింది. మందుల తయారీలో కావలసిన పదార్థంతోపాటు అక్కరలేనిదీ పుట్టి తలనొప్పి తెస్తుంది కనుక ఇది చిన్న విషయం కాదు. అయితే ఇంత పల్చని పొరలో పట్టే ద్రవం ఒక చుక్క కూడా ఉండదు. కర్మాగారం మాట ఇప్పుడే ఎత్తకూడదు.

మరో చిక్కు ఉంది. అద్దాల మధ్య వేరే చర్యల వేగం పెరిగిందన్న ఫలితాలను అమెరికాలో రెండు బృందాలు తిరిగి రాబట్టబోయి విఫలమైనట్లు 2021లో ప్రకటించాయి. 2023లో అమెరికా నౌకాదళ పరిశోధనశాల వారికి మాత్రం ఇంకొక చర్యలో వేగం తగ్గడం స్పష్టంగా కనిపించింది. సిద్ధాంతవేత్తల ఇబ్బంది ఇది: కోటానుకోట్ల అణువులు ఒకే కాంతి కంపనాన్ని పంచుకుంటే ఒక్కో అణువు వాటా దాదాపు సున్న. ఆ లెక్క ప్రకారం వేగం మారకూడదు. ప్రయోగంలో మారింది.